సెకండ్ హ్యాండ్ ఫోర్ వీల్ బండి: హైవేకి ఒక పరీక్ష, వాదీ బాటకి ఇంకో పరీక్ష

ఈ ఎపిసోడ్ విన్నవాళ్లలో చాలామంది "అన్నా, ఇన్ని పాయింట్లు గుర్తుండవు, రాసి పెట్టండి" అన్నారు. ట్రాన్‌స్క్రిప్ట్ ఎప్పటిలాగే విడిగా ఉంది. ఇది మాత్రం బండి చూడ్డానికి వెళ్లేటప్పుడు ఫోన్‌లో తెరిచి పెట్టుకోవడానికి రాసింది. నేను పద్నాలుగేళ్లుగా ఒమన్‌లో గ్యారేజీల్లోనే పని చేస్తున్నాను. కింద రాసినవన్నీ లిఫ్ట్ కింద నిలబడి రోజూ చూసేవే.

ప్రశ్న పంపింది నిజ్వా దగ్గర మజ్రాల్లో నీళ్ల మోటార్లు, పంపులు రిపేరు చేసే ఒక తమ్ముడు. వారంలో ఆరు రోజులు తోటల మధ్య మట్టి బాటలు, ఎండిన వాదీలు. నెలకి రెండు మూడు సార్లు స్పేర్ పార్టుల కోసం మస్కట్. పోనూ రానూ 320 కిలోమీటర్ల దాకా హైవే. సొంత బండి తెచ్చుకుంటే నెలనెలా అలవెన్స్ ఇస్తామని కంపెనీ అంది. చేతిలో 2,800 రియాళ్లున్నాయి. ఊళ్లో ఇంటికి స్లాబు వెయ్యడం ఆపి మిగిల్చిన డబ్బు అది. మూడు బండ్లు చూశాడు: బాగా తిరిగిన టయోటా ప్రాడో ఒకటి, ఎత్తు పెంచి పెద్ద టైర్లు వేసిన పాత నిస్సాన్ పట్రోల్ ఒకటి, నిస్సాన్ ఎక్స్-ట్రెయిల్ ఒకటి. "ఏది కొనాలన్నా?"

బండి పేరు చెప్పే ముందు ఒక్క మాట. ఫోర్ వీల్ బండికి రెండు బతుకులుంటాయి. హైవే మీద సాఫీగా పోయే బండికి ముందు చక్రాలకి పవర్ అందకపోయినా మీకు తెలియదు, ఎందుకంటే అక్కడ దాని అవసరమే రాదు. అలాగే మట్టిలో 30 స్పీడులో దున్నుకుంటూ పోయే బండి 110లో స్టీరింగ్ ఊపేస్తుందన్న సంగతి మజ్రా చుట్టూ తిప్పితే బయటపడదు. అమ్మేవాడు మీకు చూపించేది ఎప్పుడూ ఒక్క బతుకే. రెండోది మీరే అడిగి చూడాలి.

ముందు, ఫోర్ వీల్ మీకు నిజంగా కావాలా?

గ్రేడర్‌తో చదును చేసిన గట్టి కంకర బాట అయితే, కాస్త ఎత్తున్న మామూలు కారు కూడా నెమ్మదిగా పోతుంది. ఫోర్ వీల్ అవసరం మూడు చోట్ల వస్తుంది: మెత్తటి ఇసుక, గుండ్రాళ్లు పరుచుకున్న వాదీ, నిటారుగా ఎక్కి దిగే కొండ దారి. మీ దారిలో ఈ మూడూ లేకపోతే డబ్బు దండగ.

ఎంత దండగో లెక్క వేద్దాం. పెట్రోలు లీటరు 240 బైసాలు, నెలకి 1,000 కిలోమీటర్లు అనుకోండి. నాలుగు లీటర్ల వీ సిక్స్ ఇంజిను 100 కిలోమీటర్లకి 14 లీటర్లు తాగితే నెలకి 33 రియాళ్ల 600 బైసాలు. చిన్న కారు 7 లీటర్లతో నడిస్తే 16 రియాళ్ల 800. తేడా ఏడాదికి 200 రియాళ్ల పైమాటే. టైర్లు, ఆయిళ్లు, బ్రేకులు అన్నీ పెద్ద బండికి ఖరీదెక్కువ. ఈ తమ్ముడికి వాదీలు రోజూ దాటాలి కాబట్టి అవసరం ఉంది. మీ అవసరం మీరు లెక్క వేసుకోండి.

ఇంకో ఆశ కూడా వద్దు: "పోయేటప్పుడు ఊరికి పట్టుకుపోతా" అని. ఇక్కడి బండ్లు ఎడమ స్టీరింగ్‌వి. ఇండియాలోకి పాత బండి తేవాలంటే కుడి స్టీరింగ్ ఉండాలి. ఈ బండిని ఇక్కడే అమ్మాలి. అందుకే రేపు కొనేవాడు దొరికే మోడల్ అవునా కాదా అన్నది కూడా ఈరోజే ఆలోచించాలి.

ఫోర్ వీల్ అంటే ఒకటి కాదు, మూడు రకాలు

మొదటిది పార్ట్ టైమ్. హైలక్స్, పాత పట్రోల్ లాంటివి. మామూలుగా వెనక చక్రాలే లాగుతాయి. లివరు గానీ బటన్ గానీ వేస్తే ముందువీ కలుస్తాయి. కలిసినప్పుడు ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ ఒకే వేగంతో తిరగాలి. కానీ మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోతాయి. ఇసుకలో, కంకరలో అయితే టైరు కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. పొడి తారు రోడ్డు మీద జారదు కాబట్టి ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. అందుకే ఈ రకం బండిని తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో నడపకూడదు.

రెండోది ఫుల్ టైమ్. ప్రాడో ఇలాంటిదే. మధ్యలో ఇంకో డిఫరెన్షియల్ ఉంటుంది కాబట్టి తారు మీదా, మట్టిలోనూ నాలుగు చక్రాలూ లాగుతూనే ఉంటాయి. ఇసుకలో దిగేటప్పుడు ఆ మధ్య డిఫరెన్షియల్‌ని లాక్ చేసుకోవచ్చు. మిత్సుబిషి పజెరోలో ఉండే సూపర్ సెలెక్ట్‌లో టూ వీల్ కూడా ఉంది, తారు మీద వాడదగ్గ ఫోర్ వీల్ కూడా ఉంది.

మూడోది ఎక్స్-ట్రెయిల్, రావ్ ఫోర్ లాంటివి. కారుని కాస్త ఎత్తు పెంచినట్టుంటాయి. ముందు చక్రాలు జారితే ఒక క్లచ్ లాంటి భాగం వెనక చక్రాలకి పవర్ పంపుతుంది. హైవే మీద వీటంత సుఖం పై రెండింటిలో ఉండదు, పెట్రోలు కూడా తక్కువ. కానీ లోతు ఇసుకలో చాలాసేపు ఇంజిను రేజ్ చేస్తే ఆ క్లచ్ వేడెక్కి, తనని తాను కాపాడుకోవడానికి వదిలేస్తుంది. వీటికి లో గేర్ కూడా ఉండదు.

లో గేర్ అంటే ఎక్కడానికే అనుకుంటారు. దిగడానికి ఇంకా ముఖ్యం. జెబెల్ అఖ్దర్ పైకి వెళ్లేది మంచి తారు రోడ్డే. అయినా కింద బిర్కత్ అల్ మౌజ్ దగ్గర చెక్‌పోస్టులో ఏళ్లుగా ఫోర్ వీల్ బండ్లనే పైకి వదులుతూ వచ్చారు. అంత పొడుగు దిగుడులో బ్రేకు మీద కాలేసి కూర్చుంటే అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. లో గేర్‌లో ఇంజినే బండిని ఆపి పట్టుకుంటుంది.

ఒక హెచ్చరిక: చూడ్డానికి ఫోర్ వీల్‌లా ఉండి, నిజానికి టూ వీల్ అయిన బండ్లు, పికప్‌లు చాలా ఉన్నాయి. వెనక అంటించిన స్టిక్కర్‌ని నమ్మొద్దు. వంగి ముందు చక్రాల మధ్య చూడండి. అక్కడ డిఫరెన్షియల్ గుండు, దాని నుంచి రెండు చక్రాలకీ పోయే కడ్డీలు లేకపోతే అది ఈ పనికి వచ్చే ఫోర్ వీల్ కాదు.

నిలబెట్టిన చోటే చూడాల్సినవి

మీరు వచ్చేదాకా ఇంజిను స్టార్ట్ చెయ్యొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఎందుకు వేడి చేశాడో అడగండి. చల్లటి ఇంజిను మొదటి స్టార్ట్‌లోనే దాని జబ్బు చెబుతుంది. నీలం పొగ వస్తే ఇంజిను ఆయిల్ తాగుతోంది. తెల్ల పొగ ఆగకుండా తియ్యటి వాసనతో వస్తే కూలెంట్ లోపలికి పోతోంది.

తర్వాత ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పించండి. ఫిల్టర్ బయటి వైపు దుమ్ముండటం మామూలే. ఇంజిను వైపు, అంటే శుభ్రంగా ఉండాల్సిన వైపు, వేలు పెట్టి తుడిస్తే సన్నటి ఇసుక అంటిందా, ఆ ఇంజిను ఇసుక తిని బతికిందన్నమాట. రంగు ఎంత మెరిసినా ఆ బండి వద్దు.

డిఫరెన్షియల్ ఆయిల్ చూడటం చాలామంది వదిలేస్తారు. మెకానిక్‌తో ముందు, వెనక, మధ్య ట్రాన్స్‌ఫర్ కేసు మూడింటి ప్లగ్గులూ విప్పించి కొంచెం ఆయిల్ తీసి చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు పోయాయి. ఎలా అంటారా? చాలాసేపు నడిచి వేడెక్కిన డిఫరెన్షియల్‌ని ఒక్కసారిగా వాదీ నీళ్లలో దింపితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. గాలి పీల్చుకునే చిన్న గొట్టం మట్టితో పూడిపోతే, ఆ పీల్పు సీళ్ల సందుల్లోంచి నీళ్లని లోపలికి లాగుతుంది. నీళ్లు కలిసిన ఆయిల్‌తో బేరింగులు తొందరగా పోతాయి. హైవే మీద మొదట్లో చప్పుడు కూడా రాదు.

కింద పడుకుని టార్చ్ వేసి చాసిస్ పొడుగునా చూడండి. బాతినా తీరంలో బీచ్ మీద, ఉప్పు నేలల్లో తిరిగిన బండికి తుప్పు లోపలి నుంచి పడుతుంది. స్క్రూడ్రైవర్ వెనక భాగంతో కొట్టి చూడండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది బద్దగా పలుకుతుంది. బండంతా పాతదై, కింద మాత్రం కొత్త నల్ల రంగు మెరుస్తుంటే ఆ రంగు కింద ఏముందో అడగండి. సస్పెన్షన్ బిగించిన చోట్ల కొత్త వెల్డింగ్ కనిపిస్తే ఇక బేరం ఆడాల్సిన పని లేదు. వదిలేసి రండి.

ముందు యాక్సిల్ రబ్బరు బూట్లు చిరిగాయా, షాక్ అబ్జార్బర్లకి ఆయిల్ కారుతోందా చూడండి. గ్రేడెడ్ బాట మీద అలలు అలలుగా పడే గతుకులు షాకుల్ని మరిగిస్తాయి. ఈ బండ్లలో ముందు అరిగేవి ఇవే.

టైర్ల మీద డీవోటీ అక్షరాల చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. గాడి లోతుగా ఉన్నా, ఇక్కడి ఎండకి అయిదేళ్లు దాటిన టైరుని హైవే వేగంలో నేను నమ్మను. నాలుగూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. ఫుల్ టైమ్ బండికి ఒక టైరు కొత్తది, మూడు అరిగినవి అయితే మధ్య డిఫరెన్షియల్ తిన్నటి దారిలో కూడా తిరుగుతూ అరుగుతుంది. స్టెప్నీ కూడా చూడండి. దాని తేదీ చాలాసార్లు బండి వయసుకి సమానంగా ఉంటుంది.

మట్టి బాట పరీక్ష

వదులుగా కంకర ఉన్న చోటికి తీసుకెళ్లండి. పార్ట్ టైమ్ బండి అయితే ఫోర్ హై వెయ్యండి. లైటు వెలగాలి. లైటు వెలిగితే సరిపోదు. నెమ్మదిగా పూర్తి మలుపు తిప్పండి. స్టీరింగ్ బిగిసి, బండి పట్టి లాగుతున్నట్టు అనిపించాలి. అప్పుడే ముందు చక్రాలు నిజంగా కలిసినట్టు. ఏ తేడా లేకుండా హాయిగా తిరిగితే లైటు మాత్రమే పనిచేస్తోందన్నమాట. కొన్ని పాత బండ్లకి ముందు చక్రం మధ్యలో చేత్తో తిప్పే హబ్ లాక్ ఉంటుంది. అది ముందు లాక్‌లో పెట్టి చూడండి.

తర్వాత ఆపి, న్యూట్రల్ చేసి, ఫోర్ లో వెయ్యండి. ఒక దిబ్బ ఎక్కించి, బ్రేకు తొక్కకుండా దింపండి. గేరు ఎగిరి బయటికి రాకూడదు, గరగర రాకూడదు. మళ్లీ టూ హై వేశాక లైటు ఆరాలి. వెంటనే ఆరకపోతే నాలుగు గజాలు తిన్నగా వెనక్కి తీసి చూడండి, అప్పటికీ ఆరకపోతే రిపేరు ఉన్నట్టే. ప్రాడోకి ఇదే పరీక్ష మధ్య లాక్ బటన్‌తో చెయ్యాలి.

చివరగా డీ నుంచి ఆర్‌కి, ఆర్ నుంచి డీకి మార్చండి. కింద నుంచి ఠక్కున దెబ్బ వినిపిస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లు అరిగాయి. ఇది పెద్ద ఖర్చు కాదు గానీ ధర తగ్గించడానికి పనికొస్తుంది.

హైవే పరీక్ష

కనీసం అరగంట నడపండి. 80లో, 100లో, రోడ్డు అనుమతిస్తే 120లో. స్టీరింగ్‌ని తేలిగ్గా పట్టుకోండి. ఒకే స్పీడు దగ్గర ఊగి, దాటగానే ఆగితే ఎక్కువగా టైరు బ్యాలెన్స్. గతుకు తగలగానే మొదలై ఆగకుండా ఊపేస్తే స్టీరింగ్ రాడ్లు, బుష్‌లు. ముందు గట్టి యాక్సిల్ ఉన్న బండ్లలో ఇది ప్రమాదం. చక్రం దగ్గర విమానం మోతలాంటి శబ్దం స్టీరింగ్ అటూ ఇటూ కదిపితే మారుతుంటే వీల్ బేరింగ్. ఖాళీ రోడ్డు మీద వెనక ఎవరూ లేనప్పుడు బ్రేకు వేస్తే బండి తిన్నగా ఆగాలి.

తిరిగొచ్చాక ఇంజిను ఆపకండి. మధ్యాహ్నం ఎండలో, ఏసీ ఫుల్‌లో, 20 నిమిషాలు నిలబెట్టండి. వేడి ముల్లు కదలకూడదు. హైవే మీద ఎదురుగాలి రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. ఇసుకలో 15 స్పీడులో ఆ గాలి ఉండదు. రేడియేటర్, ఫ్యాన్ బలం తెలిసేది ఇప్పుడే. సాయంత్రం చల్లగా ఉన్నప్పుడు బండి చూపిస్తానంటే, మధ్యాహ్నమే వస్తానని చెప్పండి.

కాగితాలు

ముల్కియా మీద చాసిస్ నంబరు, బండి మీద నంబరు అక్షరం అక్షరం ఒకటే కావాలి. అమెరికాలో యాక్సిడెంట్ అయి, లేదా నీళ్లలో మునిగి, వేలంలో గల్ఫ్‌కి వచ్చిన బండ్లు ఇక్కడ చాలా తిరుగుతున్నాయి. పదిహేడు అక్షరాల ఆ నంబరుతో పాత చరిత్ర చూపించే వెబ్‌సైట్లున్నాయి. నాలుగు రియాళ్లు ఖర్చయినా చూడండి. గల్ఫ్ కోసం తయారైన బండికి ఇక్కడి వేడికి తగ్గ కూలింగ్, ఏసీ ఉంటాయి. అమ్మేటప్పుడు కూడా దానికే గిరాకీ.

ఫైన్లు కట్టారా, బ్యాంకు లోను తీరిందా తేలాకే డబ్బివ్వండి. డబ్బు, పేరు మార్పు ఒకేరోజు, ఒకేచోట జరగాలి. "కాగితాలు వచ్చే వారం" అంటే డబ్బు కూడా వచ్చే వారమే. పికప్ కొనాలనుకుంటే, మీ వీసాలో ఉన్న వృత్తితో అది మీ పేరు మీద ఎక్కుతుందా అని ముందే ట్రాఫిక్ ఆఫీసులో అడగండి. ఎత్తు పెంచడం, సైజు దాటిన టైర్లు లాంటివి అనుమతి లేకుండా చేసుంటే పాసింగ్‌లో ఆగుతుంది. ఇన్సూరెన్స్ వాళ్లని రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: తారు దాటి మట్టి బాటలో జరిగిన నష్టానికి ఇస్తారా? వరద నీటికి ఇస్తారా?

మరి ఆ తమ్ముడికి ఏం చెప్పాను?

2,800 మొత్తం బండికి పెట్టొద్దన్నాను. పాత ఫోర్ వీల్ కొన్న మొదటి నెలలోనే అన్ని ఆయిళ్లు, బెల్టులు, హోసులు, అవసరమైతే టైర్లు మార్చాలి. 500 పక్కన పెట్టి, 2,300 లోపలే చూడమన్నాను.

ఎక్స్-ట్రెయిల్ మస్కట్ ప్రయాణానికి హాయి. కానీ ఇతను రోజూ గుండ్రాళ్ల వాదీ దాటాలి, వెనక మోటార్ల బరువు ఉంటుంది. ఆ పనికి అది చాలదు. పట్రోల్ గట్టి బండే. కానీ ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేసినవాళ్లు ఆ బండితో ఇసుక దిబ్బల మీద ఆడుకుని ఉంటారు. ఆ అరుగుదలకి ఇతను డబ్బు కట్టడం ఎందుకు? పైగా బరువు పైకెక్కిన బండి హైవే మలుపులో సులభంగా పల్టీ కొడుతుంది. మిగిలింది ప్రాడో. కిలోమీటర్లు ఎక్కువే. అయినా సర్వీసు రికార్డు ఉండి, పై రెండు పరీక్షలూ దాటితే, తక్కువ తిరిగి చరిత్ర తెలియని బండి కన్నా అదే నయం. దాటకపోతే మూడూ వదిలేసి ఇంకో నెల ఆగమన్నాను. అలవెన్స్ ఒక నెల ఆలస్యమైతే పోయేది కొంచెమే. తప్పుడు బండి కొంటే పోయేది ఇంటి స్లాబు.

కొన్నాక, ప్రాణం కాపాడే రెండు అలవాట్లు

ఇసుకలో దిగేముందు టైర్ల గాలి 15 నుంచి 18 పీఎస్ఐకి తగ్గిస్తాం. టైరు వెడల్పై ఇసుక మీద తేలుతుంది. తారు ఎక్కే ముందు మళ్లీ నింపాలి, డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద రాసినంత. గాలి తగ్గిన టైరుతో 120లో పోతే అది మడతపడుతూ వేడెక్కి పేలుతుంది. అందుకే గాలి కొలిచే గేజు, చిన్న కంప్రెసర్ బండిలో ఉండి తీరాలి. జాకీ కింద వెయ్యడానికి ఒక చెక్క పలక, పార, లాగే పట్టీ, నీళ్లు కూడా. పట్టీ కట్టేది చాసిస్‌కి ఉన్న కొక్కేనికే, ట్రైలర్ తగిలించే గుండుకి కాదు. అది విరిగి తుపాకీ గుండులా వచ్చి మనిషిని తగులుతుంది.

రెండోది వాదీ. పారుతున్న వాదీలో బండి దింపడం ఒమన్‌లో శిక్ష పడే నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, పారే నీళ్లు మోకాలి ఎత్తుంటే చాలు, రెండు టన్నుల బండిని పక్కకి తోసేస్తాయి. కొండల్లో ఎక్కడో వాన పడితే మీ నెత్తిమీద ఎండ ఉండగానే వరద వస్తుంది. ఫోర్ వీల్ ఉందన్న ధైర్యంతోనే చాలామంది దిగుతారు. ఒడ్డున ఆగి రెండు గంటలు టీ తాగండి. మజ్రాలో మోటారు రేపైనా బాగవుతుంది.

మీరు చూస్తున్న బండి గురించి అడగాలంటే మోడల్, సంవత్సరం, ఎంత తిరిగింది, మీ దారి ఎలాంటిది, ఈ నాలుగూ చెప్పి వాయిస్ మెసేజ్ పంపండి. కింది భాగం ఫోటో ఒకటి జతచేస్తే ఇంకా మంచిది. పైనుంచి తీసిన మెరిసే ఫోటోలు వద్దు, అవి అమ్మేవాడే చూపిస్తాడు.